తెరవడానికే కట్టిన బోను

ఈసారి గోడపత్రికకు ఒక్కొక్కరు ఒక్కో ప్రముఖుని జీవితం రాసి తేవాలని మేడమ్ చెప్పగానే పేర్లన్నీ ఐదు నిమిషాల్లో అయిపోయాయి. గిడుగు వారిని ఫైనలియర్ అక్కలు తీసేసుకున్నారు. పర్లాకిమిడి మనకు పక్కనే కాబట్టి ఆయన మీద హక్కు తమదేనట. వి.వి. గిరి గారు మన బరంపురంలోనే పుట్టారు కదా, ఆయన్ని నా బెంచీ అమ్మాయి వదల్లేదు. గురజాడ, కందుకూరి, దుర్గాబాయి అందరూ వెళ్లిపోయారు. నా వంతు వచ్చేసరికి నేను రాసిన పేరు చూసి మేడమ్ కళ్లజోడు సర్దుకున్నారు. ఈయన తెలుగువాడు కాడే అన్నారు. కాదు మేడమ్, కానీ మా తాతయ్య ఊరివాడు అన్నాను. సరే రాయి, చూద్దాం అన్నారు.

ఆ ఊరు జంషెడ్‌పూర్. మా తాతయ్య సోంపేట దగ్గర పల్లె నుంచి కుర్రతనంలోనే వెళ్లి అక్కడి ఉక్కు కంపెనీలో రిటైరయ్యేదాకా పనిచేశారు. మన వైపు నుంచి అలా వెళ్లినవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. ప్రతి వీధిలోనూ ఒకరి మేనమామో, బాబాయో అక్కడ ఉంటారు. తాతయ్య ఇంటి అలమరలో ఉన్న ఇంగ్లీషు పుస్తకాలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. అందులో ఒకటి జెరాల్డ్ డరెల్ రాసినది. వీడు మన ఊళ్లో పుట్టాడే అని తాతయ్య గొప్పగా చెప్పుకునేవారు.

ఈ పేరు ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది గానీ చెప్తాను. కిందటి సెమిస్టర్‌లో జువాలజీ వాళ్లతో కలిపి మనకు చర్చ పెట్టారు. జంతువుల్ని బోనులో ఉంచడం న్యాయమేనా అన్నది అంశం. నేను న్యాయం కాదు అని గట్టిగా మాట్లాడాను. అన్ని జూలూ మూసేయాలి, ఎక్కడి ప్రాణిని అక్కడ వదిలేయాలి అన్నాను. చప్పట్లు కూడా కొట్టారు. అప్పుడు జువాలజీ అమ్మాయి ఒకతె లేచి, వదలడానికి అక్కడ చోటే లేకపోతే ఎక్కడ వదులుతావు అని అడిగింది. నాకు మాట రాలేదు. నీళ్లు తాగి కూర్చున్నాను. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు కోసమే ఈ మనిషి జీవితం చదివాను. జవాబు దొరికిందో లేదో చివర్లో మీరే చెప్పండి.

జెరాల్డ్ డరెల్ 1925 జనవరి 7న జంషెడ్‌పూర్‌లో పుట్టాడు. (చిన్నతనం గురించి చెప్పేటప్పుడు అతను అంటాను, ఏమీ అనుకోకండి.) తండ్రి లారెన్స్ శామ్యూల్ ఇంజనీరు. ఆ ఊరు అప్పుడప్పుడే కడుతున్నారు, ఆ కట్టడాల పనిలో ఆయన ఉండేవాడు. తల్లి లూయిసా. ఇద్దరూ జాతికి తెల్లవాళ్లే గానీ పుట్టింది మన దేశంలోనే. నలుగురు పిల్లల్లో జెరాల్డ్ ఆఖరివాడు. పెద్దన్న లారెన్స్ తర్వాత పేరున్న నవలా రచయిత అయ్యాడు. ఈ పిల్లాడు మొదట పలికిన మాట జూ అని వాళ్లమ్మ చెప్పేదట. అమ్మల మాట మనకు తెలుసు కదా, కొంచెం కలుపుతారు. కానీ ఆయాతో షికారుకు వెళ్లినప్పుడు కాలవలో కనబడ్డ చిప్పలేని నత్తల జంటను చూస్తూ నిలబడిపోవడమే తన తొలి జ్ఞాపకాల్లో ఒకటని అతనే తర్వాత చెప్పుకున్నాడు. మనమైతే ఛీ అని పక్కకు లాగేస్తాం.

1928లో తండ్రి చనిపోయాడు. పిల్లాడికి మూడేళ్లు. తల్లి పిల్లల్ని తీసుకుని ఇంగ్లండ్ వెళ్లిపోయింది. అక్కడి చలి, అక్కడి బడి ఈ పిల్లాడికి పడలేదు. 1935లో కుటుంబమంతా సామాను సర్దుకుని గ్రీసు దేశంలో కోర్ఫూ అనే దీవికి మారిపోయింది. అక్కడ నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లే అతన్ని తయారుచేశాయి. బడి లేదు, ఇంటికి వచ్చి చెప్పే మాస్టార్లే. మిగతా పొద్దంతా ఆలివ్ తోటల్లో, నీటి గుంటల్లో. అగ్గిపెట్టెల్లో తేళ్లు, స్నానాల తొట్టెలో పాములు. ఇంట్లో వాళ్లు ఎంత సతాయించుకుని ఉంటారో ఊహించుకోవచ్చు.

అక్కడ అతనికి దొరికిన గురువు థియోడర్ స్టెఫనీడిస్. ఆయన వైద్యుడు, కవి, నీటిలోని సూక్ష్మజీవుల్ని పరిశీలించే శాస్త్రజ్ఞుడు. విచిత్రం ఏమిటంటే ఆయన కూడా మన దేశంలోనే, బొంబాయిలో పుట్టాడు. పదేళ్ల పిల్లాడితో సాటి పండితుడితో మాట్లాడినట్టు మాట్లాడేవాడట. అడిగిన ప్రశ్నను చిన్నబుచ్చేవాడు కాదు. తెలియనిది ఉంటే ఇద్దరూ కలిసి వెతికేవారు. ఈ భాగం చదువుతున్నప్పుడు నాకు మన మేడమ్‌లే గుర్తొచ్చారు. ఇది వాళ్లు చదువుతారని రాయలేదు, నిజంగానే.

1939లో యుద్ధం ముంచుకొస్తుంటే ఇంగ్లండ్ తిరిగి వచ్చారు. డిగ్రీ లేదు, చదువు లేదు. కొన్నాళ్లు లండన్‌లో పెంపుడు జంతువులు అమ్మే కొట్లో పనిచేశాడు. 1945లో విప్స్‌నేడ్ జూలో పనివాడిగా చేరాడు. ఏ రోజు ఏ జంతువు దగ్గర మనిషి తక్కువైతే ఆ రోజు అక్కడికి పంపేవారు.

ఆ జూలోనే అతని చేతికి పెర్ డేవిడ్ జింక పిల్లలు వచ్చాయి. వీటి కథ చెప్పకపోతే డరెల్ జీవితం అర్థం కాదు. ఈ జింక చైనాది. స్వదేశంలో 1900 ప్రాంతంలో పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది. ప్రపంచంలో మిగిలినవల్లా ఇంగ్లండ్‌లో ఒక జమీందారు, బెడ్‌ఫర్డ్ డ్యూక్, తన వోబర్న్ తోటలో ఒకచోట చేర్చిన 18 జింకలే. వాటి సంతతే పెరిగి మంద అయింది. ఒక్క చోటే ఉంచితే ఒక్క రోగం వచ్చినా అన్నీ పోతాయని కొన్ని పిల్లల్ని వేరేచోట పెంచాలనుకున్నారు. వాటికి రాత్రీ పగలూ సీసాతో పాలు పట్టే పని మన ఇరవై ఏళ్ల కుర్రాడిది. తన ఒళ్లో పాలు తాగుతున్న ఈ పిల్లకు సొంత ఊళ్లో ఒక్క చుట్టం కూడా లేడు అన్న సంగతి అతని మనసులో నాటుకుంది. ఆ తర్వాత 1985లో ఆ జింకల్ని చైనాకు తిరిగి పంపారు. ఇప్పుడు అక్కడ మందలు మందలుగా ఉన్నాయి.

ఇరవై ఒక్కటో ఏడు నిండగానే తండ్రి ఆస్తిలో తన వాటా 3,000 పౌన్లు చేతికొచ్చింది. ఇల్లు కొనలేదు, వ్యాపారం పెట్టలేదు. 1947లో పడమటి ఆఫ్రికాలోని కామెరూన్స్‌కు ఓడెక్కాడు. అడవి జంతువుల్ని పట్టి తెచ్చి ఇంగ్లండ్‌లోని జూలకు ఇవ్వడం అప్పట్లో ఒక వృత్తి. 1949లో మళ్లీ అక్కడికే, 1950లో దక్షిణ అమెరికాలోని బ్రిటిష్ గయానాకు. మిగతా వేటగాళ్లలా ఖరీదైన నాలుగు జంతువులకే ఎగబడి మిగతావాటిని చావనిచ్చేవాడు కాదు. ఎలుకకైనా కప్పకైనా వేళకు తిండి, శుభ్రమైన పెట్టె. ఆ ఖర్చుకు మూడు ప్రయాణాల్లో తండ్రి డబ్బంతా కరిగిపోయింది.

1951లో జాక్విలిన్‌ను పెళ్లి చేసుకున్నాడు. పిల్ల ఇంట్లో ఒప్పుకోలేదు. అక్క మార్గరెట్ బోర్న్‌మత్ ఊళ్లో గదులు అద్దెకిచ్చేది, ఆ ఇంట్లో ఒక చిన్న గదిలో కాపురం. ఉద్యోగం లేదు, చేతిలో పైసా లేదు. ఒకరోజు రేడియోలో ఎవరో పడమటి ఆఫ్రికా గురించి చెత్తగా మాట్లాడుతుంటే డరెల్ విసుక్కున్నాడు. అంత విసుక్కునే బదులు నువ్వే ఒకటి మంచిది రాయొచ్చుగా అని భార్య పట్టుకుంది. అన్న లారెన్స్ కూడా రాయమని వెంటపడ్డాడు. రాశాడు. దేని గురించో తెలుసా? కప్ప గురించి.

అది వెంట్రుకల కప్ప. మనం లేని వస్తువును కుందేటికొమ్ము అంటాం కదా, అలా వినిపిస్తుంది గానీ ఇది నిజంగానే ఉంది. కామెరూన్ కొండవాగుల్లో ఉంటుంది. గుడ్ల కాలంలో మగకప్పకు నడుముకు ఇరుపక్కలా, తొడల మీదా వెంట్రుకల్లాంటివి మొలుస్తాయి. నిజానికి అవి వెంట్రుకలు కావు, చర్మపు పోగులు. కప్ప చర్మంతో కూడా ఊపిరి పీలుస్తుంది. ఈ మగకప్ప గుడ్లను కాస్తూ నీళ్లలోనే ఎక్కువసేపు ఉండాలి కాబట్టి, ఊపిరికి ఎక్కువ చర్మం కావాలి. ఆ అదనపు చర్మమే ఈ పోగులు. దాన్ని వెతుక్కుంటూ తాను పడ్డ పాట్లు రాసి పంపితే బి.బి.సి. రేడియో తీసుకుంది. అతనే చదివాడు. కలంతో సంపాదించిన మొదటి డబ్బు అలా ఒక కప్ప పెట్టిన భిక్ష. 1953లో మొదటి పుస్తకం. 1956లో వచ్చిన కోర్ఫూ జ్ఞాపకాల పుస్తకం, మై ఫ్యామిలీ అండ్ అదర్ యానిమల్స్, లోకమంతా చదివింది. నిజానికి రాయడం అంటే ఆయనకు పెద్ద ఇష్టం లేదు. జంతువుల మేత ఖర్చు కోసం రాశారు. ఆ మేత ఖర్చే మా తాతయ్య అలమర దాకా వచ్చిందన్నమాట. (ఇక్కడి నుంచి ఆయన అంటాను. మనిషి పెద్దవారయ్యారు.)

పేరొచ్చింది. కానీ మనసులో ఒక ముల్లు. తాను తెచ్చి ఇచ్చిన జంతువులకు ఆ జూలలో ఏం జరుగుతోంది? ఒకచోట ఒక ఆడది, ఇంకోచోట ఒక మగది. తపాలా బిళ్లలు పోగేసినట్టు రకానికి ఒకటి చొప్పున పోగేయడం. అది చచ్చిపోతే అడవి నుంచి ఇంకోటి. అడవిలో ఎన్ని మిగిలాయో లెక్క లేదు. నేను చర్చలో జూల మీద చెప్పిన తిట్లన్నీ నాకన్నా ముందే, నాకన్నా బాగా తెలిసి ఆయన తిట్టారు. అయితే నేను మూసేయాలి అన్నాను. ఆయన ఇంకోలా కట్టాలి అన్నారు.

1957లో మూడోసారి కామెరూన్స్ వెళ్లి, ఈసారి తెచ్చిన జంతువుల్ని ఎవరికీ ఇవ్వనన్నారు. మరి పెట్టేది ఎక్కడ? పాపం మళ్లీ అక్క మార్గరెట్ పెరడే దిక్కు. అద్దెకున్నవాళ్లు కిటికీ తెరిస్తే కోతులు. చోటు కోసం ఊరూరా పురపాలక సంఘాల చుట్టూ తిరిగారు, కుదరలేదు. చివరికి ఇంగ్లండ్‌కూ ఫ్రాన్స్‌కూ మధ్య సముద్రంలో ఉన్న జెర్సీ దీవిలో ఒక పాత బంగళా, దాని తోట అద్దెకు దొరికాయి. అప్పు చేశారు. 1959 మార్చి 26న అక్కడ జూ తెరిచారు. 1963లో దాన్ని ఒక ట్రస్టుగా మార్చారు. దాని గుర్తు డోడో పక్షి.

డోడో మారిషస్ దీవిది. ఎగరలేని పెద్ద పక్షి. మనుషులు ఓడల్లో ఆ దీవికి చేరాక, వాళ్లు, వాళ్ల వెంట వచ్చిన పందులు, ఎలుకలు, కోతులు కలిసి వందేళ్ల లోపే దాన్ని లేకుండా చేశాయి. మారిషస్ పేరు మన డిపార్ట్‌మెంట్‌లో తరచు వినబడుతుంది. చెరుకు తోటల్లో కూలికి వెళ్లిన మన తెలుగువాళ్ల సంతతి అక్కడ ఇప్పటికీ ఉంది. డరెల్ 1976లో ఆ దీవికి వెళ్లారు. డోడోకు చుట్టమైన గులాబి పావురం అప్పటికే అంతరించే దారిలో ఉంది. కొన్నింటిని పట్టి జెర్సీలోనూ, మారిషస్‌లోనూ గూళ్లలో పెంచారు. 1990 వచ్చేసరికి అడవిలో మిగిలినవి పదికి అటూ ఇటూ. గూళ్లలో పుట్టినవాటిని తెచ్చి వదిలారు, అడవిలో ఎలుకల్నీ పిల్లుల్నీ అదుపు చేశారు, మేత పెట్టారు. ఇప్పుడు అవి వందల్లో ఉన్నాయి.

దీన్నే కాప్టివ్ బ్రీడింగ్ అంటారు. అంటే అంతరించిపోయే ప్రాణిని కొన్నాళ్లు మన సంరక్షణలో ఉంచి, పిల్లల్ని చేయించి, తిరిగి దాని చోటుకు పంపడం. వినడానికి సులువు. ఏ ప్రాణి ఏం తింటుంది, ఎంత వెలుగు కావాలి, ఎంత తేమ ఉంటే గుడ్లు పెడుతుంది, ఎవరికి ఎవరు అన్నాచెల్లెళ్లు, ఇవన్నీ రోజూ రాసిపెట్టుకోవాలి. మనం పెళ్లిళ్లకు గోత్రాలు చూసినట్టు వాళ్లూ వంశవృక్షం చూసే జత కలుపుతారు.

డరెల్ ఇంకో పని కూడా చేశారు. ఏ దేశపు ప్రాణిని ఆ దేశపు వాళ్లే కాపాడుకోవాలని, వేర్వేరు దేశాల కుర్రాళ్లను, అమ్మాయిలను జెర్సీకి పిలిపించి పని నేర్పించారు. 1984లో దానికోసం ప్రత్యేకంగా శిక్షణ కేంద్రమే తెరిచారు. వాళ్లు నేర్చుకుని ఇళ్లకు వెళ్లి అక్కడ పని మొదలుపెట్టాలి. చివరికి ఈ జూ అవసరమే లేని రోజు రావాలని ఆయన కోరుకునేవారు. దుకాణం మూతపడాలని కోరుకునే యజమానిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆయన్ని దేవుణ్ణి చేసి రాయడం నాకు ఇష్టం లేదు. మద్యం ఎక్కువ తాగేవారు. మొదటి నుంచి వెన్నంటి నిలిచిన జాక్విలిన్ చివరికి విసిగి వెళ్లిపోయింది. 1979లో విడాకులు. అదే ఏడు లీ మెక్‌జార్జ్ అనే అమెరికా జంతుశాస్త్రవేత్తను పెళ్లాడారు. ఆమెతో కలిసి తర్వాతి ప్రయాణాలు చేశారు, పుస్తకాలు రాశారు. మొదటి భార్య రాయమని పట్టుబట్టకపోతే ఆ కప్ప కథా లేదు, ఆ జూ కూడా లేదు. మన పత్రికలో ఆమె పేరు ఒక్కసారైనా ఉండాలని రాస్తున్నాను.

ఇక కప్పల సంగతి. స్పెయిన్‌కు చెందిన మయోర్కా దీవిలో ఒక చిన్న కప్ప ఉంది. 1977లో శాస్త్రజ్ఞులు దాన్ని మొదట పాత ఎముకలు చూసి గుర్తించారు. ఎప్పుడో పోయిన జీవి అనుకున్నారు. తీరా చూస్తే రెండు మూడేళ్లలోనే కొండ లోయల్లో బతికున్నది దొరికింది. దీని విశేషం, గుడ్లను మోసేది తండ్రి. పూసల దండలా గుడ్ల తీగను వెనక కాళ్లకు చుట్టుకుని, అవి పొదిగేదాకా తిరుగుతాడు. 1985లో కొన్నింటిని జెర్సీ తెచ్చారు. అవి అక్కడ చక్కగా గుడ్లు పెట్టాయి. 1989 నుంచి పిల్లల్ని తీసుకెళ్లి మయోర్కా గుంటల్లో వదలడం మొదలుపెట్టారు. కొత్త గుంటల్లో అవి నిలదొక్కుకున్నాయి. కప్పల విషయంలో ఇది గొప్ప విజయం అని అందరూ అన్నారు.

డరెల్ కాలేయం పాడై 1994లో మార్పిడి చేయించుకున్నారు. కోలుకోలేదు. 1995 జనవరి 30న, డెబ్బై నిండిన మూడు వారాలకు జెర్సీలో పోయారు. ఆయన చితాభస్మం ఆ జూలోనే ఉంది.

మామూలుగా జీవిత కథ ఇక్కడ ఆగాలి. కానీ ఆయన పనికి అసలు పరీక్ష ఆయన పోయాకే వచ్చింది. ఆరు నెలలు తిరక్కుండానే, 1995 జులైలో, కరీబియన్ సముద్రంలోని మాంట్‌సెరాట్ దీవిలో అగ్నిపర్వతం పేలడం మొదలైంది. రాజధాని ప్లిమత్ బూడిదలో కూరుకుపోయింది. ఆ దీవిలోనూ, దగ్గర్లోని డొమినికా దీవిలోనూ మాత్రమే బతికే ఒక పెద్ద కప్ప ఉంది. ఒక్కొక్కటి కిలో దాకా తూగుతుంది. అక్కడివాళ్లు ఒకప్పుడు తినేవారు, కోడికూరలా ఉంటుందని దానికి కొండకోడి అని పేరు పెట్టారు. ఈ కప్పలో తల్లి గొప్పది. నేలలో బొరియలో నురగతో గూడు కట్టి గుడ్లు పెడుతుంది. తోకకప్పలు బయటికొచ్చాక కొన్ని వారాల పాటు, పిండం కట్టని గుడ్లు పెట్టి వాటికే తిండిగా ఇస్తుంది. అటు తండ్రి గుడ్లు మోసే కప్ప, ఇటు తల్లి గుడ్లు తినిపించే కప్ప. కప్పలంటే చిన్నచూపు చూసే మనం ఈ రెండూ గుర్తుపెట్టుకోవాలి.

1999లో కొన్ని కొండకోళ్లను జెర్సీ తీసుకొచ్చి పెంచడం మొదలుపెట్టారు. అది ఎంత ముందుచూపో త్వరలోనే తెలిసింది. 2002లో డొమినికాలో కైట్రిడ్ అనే బూజు రోగం తగిలింది. ఈ బూజు కప్ప చర్మంలో పెరుగుతుంది. కప్పకు చర్మమే ఊపిరి, చర్మమే దాహం తీర్చుకునే నోరు. చర్మం పాడైతే ఒంట్లో ఉప్పుల లెక్క తప్పి గుండె ఆగిపోతుంది. రెండేళ్ల లోపే డొమినికాలో నూటికి ఎనభైకి పైగా కప్పలు పోయాయి. 2009లో రోగం మాంట్‌సెరాట్‌కూ వచ్చింది. రోగం సోకని యాభై కప్పల్ని పట్టి విమానంలో జెర్సీకి, లండన్‌కు, స్వీడన్‌కు తరలించారు. ప్రత్యేకమైన గదులు, లోపలికి వెళ్లేటప్పుడు వేరే బట్టలు, వేరే బూట్లు. కోవిడ్ రోజుల్లో మనం చూసిన జాగ్రత్తలన్నీ కప్పల కోసం.

ఇక్కడ నేను దాచకుండా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఆ మయోర్కా కప్పల విజయం ఉంది కదా, అందులో ఒక చేదు కలిసింది. తర్వాతి పరిశోధనల్లో తేలిందేమిటంటే, మయోర్కా గుంటల్లోకి కూడా ఈ బూజు చేరింది, అది పెంపకంలో పుట్టి వదిలిన కప్పలతోనే వెళ్లింది. పెంచే చోట దక్షిణాఫ్రికా కప్పల నుంచి వీటికి సోకింది. అప్పట్లో ఆ బూజు అనేది ఒకటి ఉందని ఎవరికీ తెలియదు. తెలియక చేసినా తప్పు తప్పే. కాపాడబోయిన చేతులే రోగం మోసుకెళ్లాయి. ఇది చదివిన రోజు నాకు నా పాత వాదన గుర్తొచ్చి, చూశావా నేను చెప్పలేదూ అనిపించింది. కానీ ఆ తర్వాతి పేజీ కూడా ఉంది. శాస్త్రజ్ఞులు ఆ గుంటల్లోంచి తోకకప్పల్ని ఒక్కొక్కటిగా తీసి, మందు నీళ్లలో ముంచి, గుంటలు ఎండగట్టి, రాళ్లను మందుతో కడిగారు. 2015లో ఆ పద్ధతితో గుంటల్లో బూజును తుడిచేశామని ప్రకటించారు. అడవిలో ఆ రోగాన్ని అలా తుడిచేయడం అదే మొదటిసారి. చేసిన తప్పును ఒప్పుకుని, అచ్చువేసి, మళ్లీ వెళ్లి కడిగారు. డరెల్ నేర్పిన రోజువారీ రాతకోతలు లేకపోతే ఆ తప్పు ఎక్కడ జరిగిందో కూడా తెలిసేది కాదు.

కొండకోడి కథ ఇంకా పూర్తి కాలేదు. 2019లో పెంపకంలో పుట్టిన కొన్నింటిని మాంట్‌సెరాట్ తీసుకెళ్లి, చుట్టూ కంచె ఉన్న చోట వదిలారు. అక్కడి గుంటల్లో నీళ్లు వెచ్చగా ఉంచుతారు, ఎండ పడేలా చెట్ల కొమ్మలు కొట్టారు. ఎందుకంటే ఆ బూజుకు వేడి పడదు, కప్పకు పడుతుంది. బోను తలుపు సగం తెరుచుకుంది అనుకోవచ్చు.

డరెల్ పుట్టిన గడ్డకూ ఆయన పని తిరిగొచ్చింది. అస్సాంలో మాత్రమే మిగిలిన మరుగుజ్జు పందుల్ని ఆయన ట్రస్టు సాయంతో 1996 నుంచి గువాహటి దగ్గర పెంచి, 2008 నుంచి గడ్డిమైదానాల్లో వదులుతున్నారు. మన నందన్‌కానన్‌లో 1980లో ఘరియల్ మొసళ్లు గుడ్లు పెట్టి పొదిగింది కూడా ఇదే దారిలో. చిన్నప్పుడు స్కూలు టూరులో నేను ఆ మొసళ్లను చూసి, ఇవి కదలవేంటి అని విసుక్కుని ఐస్‌క్రీమ్ బండి దగ్గరికి పరిగెత్తాను.

ఇప్పుడు ఆ జువాలజీ అమ్మాయికి నా జవాబు. వదలడానికి చోటు లేకపోతే, చోటు బాగుపడేదాకా ఉంచాలి. కానీ ఉంచినంత కాలం తలుపు ఎప్పుడు తెరుద్దామా అని చూడాలి, చోటు బాగుచేసే పని ఆపకూడదు. తెరిచే ఉద్దేశం లేని బోను జైలే. ఆ మాట మీద నేను ఇప్పటికీ నిలబడతాను. తెరవడానికి కట్టిన బోను మాత్రం పురిటిగది లాంటిది.

ఇంకొక్క మాట. బయటి ఊళ్లో ఉండి తెలుగు బి.ఏ. చదువుతున్నామంటే మనల్ని నూతిలో కప్పలు అనేవాళ్లు ఉన్నారు. నాకూ కోపం వచ్చేది. ఇప్పుడు రావట్లేదు. బయట చెరువులన్నీ పాడైనప్పుడు నూతిలో కప్పే మిగులుతుందని డరెల్ వల్ల తెలిసింది. అయితే నూతిలోనే ఉండిపోతే ఆ తిట్టు నిజమవుతుంది. మన తెలుగు ఈ గదిలో, ఈ గోడ మీద మాత్రమే ఉంటే ఇది జూ. ఇంటికి తీసుకెళ్లి, ఒడియా బడిలో చదివే మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నాలుగు అక్షరాలు దిద్దిస్తే ఇది డరెల్ చేసిన పని. నేను మొన్నటి ఆదివారం మా పిన్ని కూతురితో మొదలుపెట్టాను. క దగ్గర ఆగి, కప్ప బొమ్మ వేసింది. నాలుగు కాళ్లూ ఒకే వైపు వేసింది, అయినా కప్పేనని తెలుస్తోంది.

మా అమ్మమ్మ చిన్నప్పుడు వానలు రాకపోతే కప్పను వేపమండలతో రోకలికి కట్టి ఇల్లిల్లూ తిప్పేవారట. ప్రతి గడపలో ఆడవాళ్లు దానిమీద బిందెడు నీళ్లు పోసేవారట. కప్ప బతికుంటేనే వాన అని వాళ్లకు తెలుసు. మా వీధి చివర చెరువు పూడ్చి ఇళ్లు కట్టాక నేను కప్పల అరుపు విని రెండేళ్లయింది. ఈ వానాకాలం మీ వీధిలో వినబడితే నాకు చెప్పండి, వచ్చి వింటాను.

— బి.ఏ. రెండో సంవత్సరం, తెలుగు